ఏడు టన్నుల ఓడ, మూడు లీటర్ల జాడీ

కొసాయా లూకా గ్రామం, ర్యాజాన్ ప్రాంతం
సెప్టెంబరు 2

ఆకాశానికి సరుకులు పంపే ఆఫీసులో పెద్దాయన గారికి,

గ్లఫీరా యెగోరొవ్నా రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, మా మేక క్షేమం. మా రోద్యా మాత్రం క్షేమంగా లేడు. అందుకే ఈ ఉత్తరం.

రోద్యా అంటే ఎవరో అనుకునేరు. పేపర్లో రొదియోన్ స్తెపానొవిచ్ అని పెద్ద అక్షరాలతో వేస్తారే, ఐదు నెలలుగా ఆ స్టేషన్‌లో భూమి చుట్టూ తిరుగుతున్న ఇద్దరిలో పొడుగాటివాడు, వాడే. నా చెల్లెలి కొడుకు. వాడికి ఏడేళ్లప్పుడు చెల్లెలు పోయింది, అప్పట్నుంచి నేనే పెంచాను. పోయిన ఆదివారం వాణ్ణి టీవీలో చూపించారు. మొహం పొంగిన పిండిముద్దలా ఉంది. అది సరే. విలేకరి పిల్ల "కింద నుంచి మీకేం పంపించమంటారు?" అని అడిగింది. వాడు "ఏమీ వద్దండి, అన్నీ ఉన్నాయి" అన్నాడు. మా వీధిలో వాళ్లంతా ఎంత బుద్ధిమంతుడో అని మెచ్చుకున్నారు. నేను మాత్రం భయపడ్డాను.

ఎందుకంటే వాళ్లమ్మ పోయినప్పుడూ వాడు ఇదే మాట అన్నాడు. "ఏమీ వద్దు పెద్దమ్మా." తొమ్మిది రోజులు పాలు తప్ప ఏదీ ముట్టలేదు. పదో రోజు నేను అటక మీద అంతోనొవ్కా ఆపిల్ పళ్లు గడ్డిలో పరుస్తున్నాను. ఆ వాసన పట్టుకుని నిచ్చెనెక్కి వచ్చి, "ఒకటి ఇస్తావా?" అన్నాడు. ఆ అడగడంతో బతికాడు. వాడు ఇంకా నాలుగు నెలలు పైన ఉండాలట. ఏమీ వద్దనేవాడు నాలుగు నెలలు ఎలా ఉంటాడో మీరే చెప్పండి.

కాబట్టి ఈ పెట్టె పంపుతున్నాను. ఇందులో మూడు లీటర్ల గాజు జాడీ నిండా ఉప్పునీటిలో ఊరేసిన దోసకాయలు, అంతోనొవ్కా పళ్లు పన్నెండు, ఉన్ని మేజోళ్లు, ఆవిరి స్నానంలో ఒళ్లు బాదుకోవడానికి బిర్చి కొమ్మల కట్ట ఉన్నాయి. తర్వాతి ఓడలో వేసెయ్యండి. జాడీ మాత్రం తిరిగి పంపాలి. మూత బిగుతుగా పట్టే జాడీలు ఇప్పుడెక్కడా దొరకడం లేదు.

ఇట్లు
గ్లఫీరా యెగోరొవ్నా, రిటైరైన పాలకేంద్రం ఉద్యోగిని

తా.క. దోసకాయలు ఒకటి రెండు మెత్తగా ఉంటే నన్ను తిట్టుకోవద్దు. పీపాలో పైన పెట్టే బరువు రాయి ఈ ఏడు పగిలింది. ఇటుకని గుడ్డలో చుట్టి పెట్టాను. ఇటుక ఇటుకే.


సరుకుల అమరిక విభాగం
సెప్టెంబరు 9
విషయం: మీ పెట్టె

గౌరవనీయులైన గ్లఫీరా యెగోరొవ్నా గారికి,

మీ పెట్టె అందినది. పరిశీలించిన మీదట తెలియజేయునది ఏమనగా:

గాజు నిషిద్ధం. పగిలితే ముక్కలు నేలపై పడవు, గాలిలో తేలి కళ్లలోకి వెళ్లును. ఉప్పునీరు నిషిద్ధం, అదియూ తేలును. బిర్చి కొమ్మల కట్ట పూర్తిగా నిషిద్ధం. ఆకులు రాలి ఫ్యాన్లలో ఇరుక్కొనును. అదీగాక స్టేషన్‌లో ఆవిరి స్నానశాల లేదు. కుటుంబ సభ్యుల పార్సిలుకు అనుమతించిన బరువు రెండు వందల గ్రాములు. మేజోళ్లు నూట ఎనభై గ్రాములు తూగినవి. కావున మేజోళ్లు వెళ్లును.

రొదియోన్ స్తెపానొవిచ్ గారి మొహం గురించి ఆందోళన అనవసరం. అక్కడ బరువు ఉండదు కనుక రక్తం తలకు చేరి అందరి మొహాలూ ఉబ్బును. వారు ఆహారం తక్కువగా తీసుకుంటున్న మాట వాస్తవమే. వైద్యులు గమనిస్తున్నారు.

జాడీ స్టేషన్‌కు వెళ్లి తిరిగి రావడం అనే ప్రశ్నే లేదు. సరుకు ఓడ తిరిగి రాదు. సరుకు దించుకున్నాక అందులో చెత్త నింపి వదిలేస్తారు. గాలిలోకి దిగుతూ మహాసముద్రం పైన కాలిపోవును.

భవదీయుడు
ఇన్నొకెంతి పావ్లొవిచ్ సుష్కొవ్, సీనియర్ ఇంజనీరు

తా.క. జాడీ ప్రస్తుతం మా విభాగం ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది.


కొసాయా లూకా
సెప్టెంబరు 13

ఇన్నొకెంతి పావ్లొవిచ్ గారికి,

మీ ఉత్తరం పోస్టు జినాయిదా చేత రెండుసార్లు చదివించుకున్నాను, కళ్లజోడు పెట్టుకుని నేనూ చదివాను. మూడుసార్లూ ఒకే ముక్క ఉంది. ఓడని కాల్చేస్తారట.

అయ్యా, నేను పాలకేంద్రంలో నలభై ఏళ్లు పనిచేశాను. క్యాన్లు దించి వచ్చిన బండిని సాయంత్రానికి తగలబెట్టిన డ్రైవరు మా దగ్గర ఒక్కడుండేవాడు, అదీ తాగి సిగరెట్టు పారేసి. మీరు తాగకుండానే ప్రతిసారీ చేస్తారన్నమాట. అంత పెద్ద ఓడ, ఎన్ని చేతులు పడి ఉంటాయో దాని మీద. మా మనవరాలి పుస్తకంలో బొమ్మ చూశాను. రెండు రెక్కలు చాచుకుని, ముక్కు ముందుకు పెట్టి, స్టేషన్ వెనక తలుపుకి అతుక్కుని ఉంది. ముద్దొచ్చింది. దాన్ని కాల్చడానికి మీకు చేతులెలా వస్తున్నాయి?

ఇంకో మాట. చెత్త నింపుతారన్నారు. మా వాణ్ణి కూడా ఆ చెత్తబండిలోనే దింపుతారా? ఇది నాకు వెంటనే తెలియాలి.

మేజోళ్లకి సంతోషం. కానీ మేజోళ్లు చూసి వాడికి ఆకలి వేయదు. ఆపిల్ పళ్ల మాట మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆపిల్ తేలినా ఎవరి కంట్లోకీ వెళ్లదు కదా.

జాడీ ఫ్రిజ్‌లో ఉందన్నారు. ఉండనివ్వండి. తిరిగి పంపేటప్పుడు ఖాళీగా పంపకండి. పక్కింటి గిన్నెని ఉత్తగా ఎవరూ తిరిగివ్వరు, మీకు మీ అమ్మగారు చెప్పే ఉంటారు. ఏదో ఒకటి వేసి పంపండి, గుప్పెడు బటానీలైనా సరే.

ఇట్లు
గ్లఫీరా యెగోరొవ్నా

తా.క. జాడీలో నేను పెట్టిన దోసకాయలు నలభై ఒకటి. ఒకసారి చూసి చెప్పండి.

మళ్లీ తా.క. ఓడ బయల్దేరే ముందు మీరంతా ఒక నిమిషం కూర్చుంటున్నారా?


సరుకుల అమరిక విభాగం
సెప్టెంబరు 19

గౌరవనీయులైన గ్లఫీరా యెగోరొవ్నా గారికి,

మొదట అత్యవసర విషయం. మనుషులు దిగే ఓడ వేరు, సరుకు ఓడ వేరు. రొదియోన్ స్తెపానొవిచ్ గారు చెత్తతో దిగరు.

ఓడని కాల్చడానికి చేతులెలా వస్తున్నాయని అడిగారు. ఈ ప్రశ్న నన్ను ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎవరూ అడగలేదు. మా ఆవిడ కూడా అడగలేదు. అందుచేత ఆఫీసు కాగితం మీదే అయినా కొంచెం వివరంగా రాస్తున్నాను.

దాని బరువు ఏడు టన్నులు. అందులో రెండున్నర టన్నులు సరుకు. నీళ్లు, గాలి, ఇంధనం, రొట్టె, సూప్ గొట్టాలు, ఫ్యాను రెక్కలు, ఉత్తరాలు, గొంతు బాగాలేని రోజుకి తేనె. లోపల మనిషి ఉండడు. డ్రైవరు లేడు, దారి అడగడానికి ఎవరూ ఉండరు. గంటకి ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్ల వేగంతో పోతున్న స్టేషన్‌ని తనంతట తాను వెతుక్కుని, దగ్గరికొచ్చేసరికి నడక కన్నా నెమ్మదించి, అరచెయ్యంత గరాటాలో తన ముక్కు పెడుతుంది. నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ లేచి నిలబడతాను. తర్వాత అది వెళ్లిపోదు. రెండు నెలలు అక్కడే అతుక్కుని ఉంటుంది. తన ఇంజనుతో స్టేషన్‌ని పైకి నెడుతుంది, లేకపోతే స్టేషన్ కిందికి జారుతూ ఉంటుంది. తన దగ్గరున్నదంతా ఇచ్చేసి, మన ఇంటిని కాస్త పైకెత్తి, వెళ్తూ వెళ్తూ చెత్త కూడా తీసుకుపోయే చుట్టం మా బంధువుల్లో లేడు. మీ వాళ్లలో ఉంటే చెప్పండి. కాలిపోయే రోజు మేము దాని గురించి ఎక్కువ మాట్లాడుకోము.

ఆపిల్ పళ్ల విషయం. ఆరోగ్య విభాగం డాక్టరు ఒక పండు కోసి చూడగా అందులో పురుగు కనిపించింది. కావున తిరస్కరించడమైనది.

కూర్చోవడం గురించి: ప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదీ ఒక నిమిషం కూర్చునే అలవాటు నాకూ తెలుసు. అయితే ఈ ఓడలో ప్రయాణికులు లేరు. కాబట్టి కూర్చోవలసినవారూ లేరు.

భవదీయుడు
ఇ. పా. సుష్కొవ్

తా.క. లెక్కించగా దోసకాయలు ఇరవై ఆరు. నాణ్యత పరీక్ష కొనసాగుతున్నది.


కొసాయా లూకా
సెప్టెంబరు 24

ఇన్నొకెంతి పావ్లొవిచ్ గారికి,

మా వాడు చెత్తతో దిగడని రాశారు, మీకు పుణ్యం ఉంటుంది. ఓడ గురించి రాసింది నేను ఏడుస్తూ చదివాను, జినాయిదా కూడా ఏడ్చింది, అందువల్ల ఆ రోజు ఊళ్లో పెన్షన్లు రెండు గంటలు ఆలస్యమయ్యాయి. అటువంటి చుట్టం మా వాళ్లలోనూ లేడు. మా బావగారు ఖాళీ చేతుల్తో వచ్చి దుప్పటి పట్టుకుపోయే రకం.

కానీ మీ డాక్టరుకి ఆపిల్ పండు గురించి ఏమీ తెలియదు. పురుగుకి నోరుంది, రుచి తెలుసు. పురుగు కూడా వద్దన్న పండు మనిషెందుకు తినాలి? సరే, ఆయన చదువుకున్నవాడు, వాదన ఎందుకు. చెట్టు తూర్పు కొమ్మ మీదవి, చేత్తో ఒక్కొక్కటీ కోసినవి, కింద పడనివి, పద్నాలుగు మళ్లీ పంపుతున్నాను. ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి పట్టి చూశాను. ఒక్కొక్కదాన్నీ వోద్కాతో తుడిచాను. డాక్టరు మళ్లీ తుడవాలంటాడేమోనని ఆ సీసా కూడా పెట్టెలో పెట్టాను.

ప్రయాణికులు లేరు కాబట్టి కూర్చోనక్కర్లేదని రాశారు. ఇది చదువుకున్నవాళ్లు రాసే మాట. కూర్చునేది వెళ్లేవాళ్ల కోసమని మీకెవరు చెప్పారు? పంపేవాళ్ల కోసం. నిమిషం నోరు మూసుకుని కూర్చుంటే, పెట్టెలో ఏం మర్చిపోయారో గుర్తొస్తుంది. మనసు కుదుటపడుతుంది. మా రోద్యాని మొదటిసారి మాస్కో చదువుకి పంపినప్పుడు మేమిద్దరం వాడి పెట్టె మీదే కూర్చున్నాం. కూర్చున్నాకే తెలిసింది, వాడి గుర్తింపు కార్డు మేక నములుతోందని.

ఆ పళ్లు వాడి దగ్గరికి చేర్చండి నాయనా. బతిమాలుతున్నాను. ఇంతకు ముందు నేను పశువుల డాక్టరుని తప్ప ఎవర్నీ బతిమాలలేదు.

ఇట్లు
గ్లఫీరా యెగోరొవ్నా

తా.క. వోద్కా తుడవడానికి మాత్రమే. సీసా మీద పెన్సిల్‌తో గీత గీశాను.

మళ్లీ తా.క. నాణ్యత పరీక్ష ఇంకెన్నాళ్లు జరుగుతుందో రాయండి.


సరుకుల అమరిక విభాగం
అక్టోబరు 10
ఎక్స్‌ప్రెస్ తపాలా

గ్లఫీరా యెగోరొవ్నా గారికి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. సంఖ్య లేదు, ముద్ర లేదు. రేపు పేపర్లో ఒక చిన్న వార్త వస్తుంది. అంతకంటే ముందు మీకు నేనే చెప్పాలనుకున్నాను.

మంగళవారం ఓడ బయల్దేరింది. బయల్దేరడం చక్కగా జరిగింది. నిన్న స్టేషన్‌ని కలవాలి. నూట అరవై మీటర్ల దాకా వచ్చింది. అక్కడ ముక్కు పక్కకి తిప్పింది. స్టేషన్ పక్కనుంచి జారి, ముందుకు వెళ్లిపోయింది. రొదియోన్ స్తెపానొవిచ్ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్న మాట నా చెవుల్లోనే ఉంది. "ఏం పర్లేదు. మాకేమీ వద్దులెండి."

వచ్చే బుధవారం ఉదయం పదకొండు నలభైకి మరో ప్రయత్నం. ఇంధనం ఆ ఒక్కసారికే సరిపోతుంది. అదీ కుదరకపోతే నీళ్లు చాలవు, ఇద్దరినీ దింపేయాలి, స్టేషన్ ఖాళీగా తిరుగుతుంది.

ఎందుకిలా జరిగిందో కమిటీ చూస్తోంది. ఓడలో సరుకు అమర్చింది నేను. బరువులో తేడా ఉంటే ముక్కు అలాగే తిరుగుతుంది. నిన్నటి నుంచి నాకు తిండి సహించడం లేదు.

మీ మేజోళ్లు లోపలే ఉన్నాయి.

ఇ. పా. సుష్కొవ్

తా.క. ఒక ఇంజనీరుగా దీన్ని కారణంగా పరిగణించలేను. కానీ తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఎంతసేపు కూర్చోవాలి? ఓడ వెళ్లిపోయాక కూర్చున్నా చెల్లుతుందా?


టెలిగ్రాము
కొసాయా లూకా, అక్టోబరు 13

ఇన్నొకెంతి పావ్లొవిచ్ గారికి

చెల్లుతుంది. చేరనంత వరకూ ప్రయాణమే. ఒక నిమిషం చాలు. సామాను మీద కూర్చోవాలి. ఓడ లేదు కనుక ఓడలో వెళ్లాల్సి వెళ్లనిదాని మీద కూర్చోండి. ఎవరూ మాట్లాడకూడదు. పై అధికారి వచ్చినా మాట్లాడకూడదు. అందరికన్నా పెద్దవాళ్లు ముందు లేవాలి. బుధవారం పదకొండు నలభైకి ఇక్కడ పాలకేంద్రం వాళ్లం పందొమ్మిది మందిమి క్యాన్ల మీద కూర్చుంటున్నాం. దింపేస్తే వాడు నా దగ్గరికొస్తాడని సంతోషిస్తాననుకోకండి. ఏమీ వద్దంటూ దిగినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను. మీరు ముందు ఏదైనా తినండి. నాణ్యత పరీక్ష కొనసాగించండి.

గ్లఫీరా

తా.క. టెలిగ్రాముకి తాజాకలం ఉండదని జినాయిదా అంటోంది. ఉంటుందని నేనన్నాను.


సరుకుల అమరిక విభాగం
అక్టోబరు 17

ప్రియమైన గ్లఫీరా యెగోరొవ్నా గారికి, శిరసు వంచి నమస్కరించి ఇన్నొకెంతి రాయునది,

ఓడ చేరింది. రేడియోలో మీరు వినే ఉంటారు. రేడియోలో చెప్పనివి నేను చెబుతాను.

బుధవారం పదకొండు ముప్పై ఎనిమిదికి మా విభాగం వాళ్లం తొమ్మిది మందిమి నడవలో కూర్చున్నాం. నేను మీ పెట్టె మీద, మిగతావాళ్లు వెనక్కి వచ్చిన డబ్బాల మీద. పదిహేను సెకన్లయిందో లేదో మా పెద్ద డైరెక్టరు గారు అటుగా వచ్చారు. "ఏమిటిది? ఇక్కడేం జరుగుతోంది?" అన్నారు. ఎవరం మాట్లాడలేదు. "సుష్కొవ్, నిన్నే అడుగుతున్నాను" అన్నారు. నేను నేలకేసి చూశాను. ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశారు. తర్వాత టోపీ తీసి, మా పక్కన బిర్చి కొమ్మల కట్ట మీద కూర్చున్నారు. అందరికన్నా పెద్దవారు ఆయనే కాబట్టి ఆయన లేచేదాకా మేము లేవడానికి లేకపోయింది. ఆయన చాలాసేపు లేవలేదు. మేము గదిలోకి వెళ్లేసరికి ఓడ పది మీటర్లలో ఉంది. రెక్కలు చాచుకుని, మీరు బొమ్మలో చూసినట్టే, తిన్నగా వెళ్లి ముక్కు పెట్టేసింది. నేను ఎప్పటిలాగే లేచి నిలబడ్డాను. ఈసారి డైరెక్టరు గారూ నిలబడ్డారు.

ఇప్పుడు నా నేరం ఒప్పుకోవాలి. మీ పద్నాలుగు పళ్లనీ డాక్టరు పరీక్షించి మంచివేనని రాసిచ్చారు. కానీ అప్పటికే బరువు లెక్క పూర్తయింది. ఒక్క గ్రాము చోటు లేదు. ఓడ ఎడమ అరలో మాత్రం ఒక ఉక్కు దిమ్మ ఉంది. అది ఎవరికీ పనికొచ్చేది కాదు. రెండు వైపులా బరువు సరిపోవాలి కనుక తూకానికి పెట్టే దిమ్మ. రెండు కిలోల మూడు వందల గ్రాములు. మీ పళ్లని సంచీతో సహా తూచాను. రెండు కిలోల రెండు వందల తొంభై. పది గ్రాములు తక్కువ. నా చేతిరుమాలు పెట్టాను. దిమ్మ తీసేసి ఆ చోటే మీ పళ్ల సంచీ కట్టాను. కాగితంలో "తూకపు బరువు, 2300 గ్రాములు" అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం ఏమీ రాయలేదు.

అందుకే ఓడ ముక్కు తిప్పిన రోజు నాకు తిండి దిగలేదు. పళ్లు ఆరి బరువు తగ్గాయేమో, దొర్లాయేమో, ఒక సంచీ ఆపిల్ పళ్లతో రెండున్నర టన్నుల సరుకునీ ఓడనీ పోగొట్టానేమో అని తూకం కాగితాలన్నీ మళ్లీ మళ్లీ లెక్కేశాను. కమిటీ నిన్న తేల్చింది. లోపమంతా దారి వెతికే రేడియోలోదే. మీ పళ్లు ఒక్క వెంట్రుకంత కూడా కదల్లేదట.

తలుపు తెరిచినప్పటి మాటలు మా దగ్గర టేపు మీద ఉన్నాయి. మీ కోసం దించి రాస్తున్నాను.

రొదియోన్: తెరిచాం.
కింద నుంచి: సరుకెలా ఉంది?
(చాలాసేపు ఏమీ వినబడలేదు.)
కింద నుంచి: రొదియోన్, వినబడుతోందా?
రొదియోన్: ఆగండి. ఆగండి కాస్త. ఆపిల్ వాసనొస్తోంది.
కమాండరు: ఇదిగో, ఇతను ఎడమ అరలోకి దూరిపోయాడు. ముందు నీళ్ల గొట్టం కలపాలయ్యా.
రొదియోన్: గొట్టం ఎక్కడికీ పోదు. ఇది మా పెద్దమ్మ అటక.

ఆ తర్వాత నాలుగు నిమిషాలు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. డాక్టరు గారు ఆ టేపుని మూడుసార్లు వేయించుకుని విన్నారు. మొహంలో వెలుగొచ్చింది. నాలుగో నిమిషం చివర రొదియోన్ ఒక మాట అడిగాడు. రెండు నెలల్లో అతను నోరు తెరిచి ఏదైనా కావాలనడం ఇదే మొదటిసారి.

"ఉప్పు దోసకాయలు పంపలేదా?" అన్నాడు.

డాక్టరు గారు అక్కడికక్కడే కాగితం రాసి డైరెక్టరు గారితో సంతకం పెట్టించారు. డిసెంబరు ఓడలో దోసకాయలు తప్పనిసరిగా వెళ్లాలి, గాజులో కాకుండా మెత్తని సంచీలో, ఇదే ఊరు, ఇదే చెయ్యి. సంతకాలయ్యాక అందరూ నావైపు తిరిగారు. నేను ఫ్రిజ్ తెరిచాను.

గ్లఫీరా యెగోరొవ్నా గారూ, నాణ్యత పరీక్ష పూర్తయింది. బుధవారం సాయంత్రం ఆ సంతోషంలో చివరి నాలుగూ అయిపోయాయి. ఆ ఉప్పునీటిని కూడా గురువారం ఉదయం డైరెక్టరు గారు స్వయంగా పరీక్షించారు. సీసా మీద మీరు గీసిన గీత ఇంకా ఉంది, సీసాలో మాత్రం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నా వల్ల ఏ సరుకూ పోలేదు. ఇదొక్కటే పోయింది. దయచేసి మళ్లీ ఊరేయండి.

మీ జాడీ ఈ ఉత్తరంతో వస్తోంది. స్టేషన్‌కి పంపే పరికరాలు ఎలా చుడతామో అలాగే నేనే చుట్టాను, పగలదు. అందులో బటానీలు వేయలేదు. మీ పీపా మీద పెట్టే రాయి పగిలిందని, ఇటుక ఇటుకేనని మొదటి ఉత్తరంలో రాశారు. జాడీ అడుగున ఉన్నది ఆ ఉక్కు దిమ్మ. ఆకాశానికి వెళ్లాల్సింది. మీ పళ్ల కోసం తన చోటు ఇచ్చేసింది. తుప్పు పట్టదు, పగలదు. మంచి వేడినీళ్లతో కడిగి దోసకాయల మీద పెట్టండి.

మీ
ఇన్నొకెంతి

తా.క. పార్సిలు పోస్టుకి పంపే ముందు మేమందరం ఒక నిమిషం కూర్చున్నాం.